గంగమ్మ మునిగినంతసేపు

సంచీ సర్దడం అయిపోయింది. అసర్ నమాజు పిలుపు ఎప్పుడో ఆగింది, పొద్దుగూకి మగ్రిబ్ అయితే బాబా వస్తాడు, ఆయన వెనకాలే ఆసుపత్రి బండి వస్తుంది, పెద్ద మామాను అందులో పడుకోబెట్టి తీసుకుపోతారు. అంతవరకూ ఈ గదిలో ఇద్దరే, మంచం మీద ఆమె, మంచం పక్కన తివాచీ మీద రమణి. కిటికీ అవతల ఈ అరబ్బు దేశపు జాబ్రియా పేట అంతా పసుపు నీళ్ళు చల్లినట్టుంది, పొద్దుటి నుంచి ఒకటే దుమ్ము, ఎదురింటి మేడ మీది నీళ్ళ ట్యాంకులు కూడా కనపడటం లేదు, ఇట్లాంటి దుమ్ములో ముసలామెను బయటికి తియ్యడమేంది అనుకుంది రమణి, తాను అనుకుంటే ఏమవుతుందిలే అని కూడా అనుకుంది. ఈ ఇంటి యజమాని బదర్‌ను ఆమె బాబా అంటుంది, ఆయన భార్యను మామా అంటుంది, అందువల్ల ఆయన తల్లి మునీరా పెద్ద మామా అయింది. రంజాన్‌కు ముందు ఒక పొద్దున పెద్ద మామాకు కుడిచెయ్యి, కుడికాలు, నోరు, మూడూ ఒక్కసారే పడిపోయినాయి. కండ్లు తెరిచే ఉంటాయి గానీ ఆ కండ్లలోంచి లోపలికి ఏం పోతోందో, అసలేమన్నా పోతోందో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. అక్కడైతే రేయింబగలూ నర్సులుంటారు, అదే మంచిదని అందరూ అనుకున్నారు. మామా ముందుగానే పోయి అక్కడ గది సిద్ధం చేయిస్తోంది. రమణి రిమోటు తీసుకుని టీవీ పెట్టింది. ఆఖరి భాగం మిగిలిపోయింది, ఇప్పుడు చూడకపోతే ఇంక ఇద్దరూ కలిసి చూసేది ఉండదు.

తెర మీద సముద్రం వచ్చింది, బూడిదరంగు సముద్రం, వాన పడతానే ఉంది. ఆ దేశంలో ఎప్పుడు చూసినా వానే, ఎవరి చేతిలో చూసినా గొడుగే, ఒక గొడుగు కిందికి ఇద్దరు చేరినారంటే ఆ కథలో ఏదో జరగబోతోందని లెక్క. రమణి పెద్ద మామా కుడిచేతికి నూనె రాయడం మొదలుపెట్టింది, ఒక్కో వేలూ విడదీసి, మెల్లగా. ఈ యాబాను, అదే జపాను, కథల పిచ్చి అంటించింది మనమరాలు దలాల్. లండన్‌కు చదువుకు పోయే ముందు టీవీలో ఏవేవో నొక్కి, ఇదిగో జపాను నాటకాలు, కింద అరబ్బీలో అక్షరాలు వస్తాయి, మీ ఇద్దరికీ పొద్దుపోతుంది అని చెప్పిపోయింది. అక్షరాలు వస్తాయి సరే, చదివేదెవరు? రమణికి చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే, పెద్ద మామా చిన్నప్పుడు నేర్చుకున్న చదువు నోటితో నేర్చుకుందే గానీ కంటితో కాదు. పైగా ఆమె మొదటి రోజు ఆ మాట వినగానే టీవీ ఆపేయమంది. యాబానోళ్ళా, వాళ్ళ ముత్యాలు బజారులోకి వచ్చినాకే కదా మా సముద్రం చచ్చిపోయింది అంది. వాళ్ళ నాయన ముత్యాల కోసం మునిగేవాడంట, ముక్కుకు కొమ్ముతో చేసిన పట్టుకర్ర పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని. జపానువాళ్ళు గుల్లలను పెంచి ముత్యాలు కాయించడం మొదలుపెట్టినాక ఈ ఊరి ముత్యాన్ని అడిగేవాడు లేడు, ఆయన ఆయిల్ కంపెనీ గేటు దగ్గర కాపలాదారుగా కూర్చున్నాడు, మునిగి మునిగి చెవులు రెండూ అప్పటికే పోయినాయి. ఆ పగ ఈమె గుండెలో ఇన్నేండ్లుగా ఉంది. కానీ ఆ మాట అంటూ అంటూనే తెరవైపు చూసింది, తెర మీద ఒక ఆడమనిషి, నెత్తికి తెల్లగుడ్డ చుట్టుకుని, యాభై దాటిన మనిషి, పడవ అంచు మీద నుంచి నీళ్ళలోకి దూకింది. ఆడదా అంది పెద్ద మామా. ఆపొద్దు అంది.

ఆ దూకిన మనిషికి రమణి గంగమ్మ అని పేరు పెట్టుకుంది, నీళ్ళ మనిషి కదా అని. పెద్ద మామా ఆమెను ఉమ్ సాలెం, అంటే సాలెం తల్లి, అనేది, ఎందుకని అడిగితే చెప్పేది కాదు. గంగమ్మ ఇంట్లో దీపం దగ్గర ఒక కుర్రవాడి ఫోటో ఉంది, పట్నం నుంచి సూట్‌కేసుతో వచ్చి ఆ ఇంట్లోనే దిగిన ఒక పిల్ల ఉంది. ఆ పిల్ల ఎవరన్నదాని మీద వాళ్ళిద్దరికీ చలికాలమంతా తగువు నడిచింది. చిన్నప్పుడు ఎవరికో పెంపుడిచ్చేసిన కూతురు, తల్లిని వెతుక్కుంటూ వచ్చింది అని రమణి. కాదు, చచ్చిపోయిన కొడుకు పెండ్లాం, అత్తను విడిచి పోలేక ఉంది అని పెద్ద మామా. అత్తను విడిచిపోలేని కోడలు యాడన్నా ఉంటుందా మామా అని రమణి అడిగితే, ఉండదు, అందుకే నాటకం తీసినారు అనేది. అంతకు ముందు ఆమె తుర్కీ సీరియళ్ళు చూసేది, వాటిలో అందరూ అరుస్తారు, ఏడుస్తారు, తలుపులు ధడేల్మని వేస్తారు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. ఈ జపానువాళ్ళు ఏమీ చెప్పరు. ఒకళ్ళంటే ఒకళ్ళకు ప్రాణం పోయేంత ఇష్టం ఉన్నవాళ్ళు ఒక భాగమంతా పక్కపక్కన నడుస్తారు, చెయ్యి తగలదు, చివర్లో ఇవాళ చలిగా ఉంది కదా అన్నట్టు ఏదో అని ఎవరిదారిన వాళ్ళు పోతారు. తుర్కీవాళ్ళు అంతా వాళ్ళే చెప్పేసుకుంటారు, మనకు పని లేదు, వీళ్ళు మనకు పని పెడతారు అంది ఒకసారి పెద్ద మామా, అని చాలా సంతోషంగా టీ తాగింది.

ఎన్ని వింతలు చూసినారో ఇద్దరూ. ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులిడిచి, వెనక్కి తిరిగి వంగి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెడతారు, పోయేటప్పుడు నేరుగా కాలు దూర్చుకోవచ్చని కాబోలు, అది చూసిన మరునాటి నుంచి పెద్ద మామా ఇంటికొచ్చినవాళ్ళ చెప్పులన్నీ రమణితో అట్లా తిప్పించింది, వచ్చినవాళ్ళు మమ్మల్ని తొందరగా పొమ్మంటున్నారా అని నవ్వినారు. ఫోనులో మాట్లాడుతూ నడుం వంచి దండం పెడతారు, అవతలివాడికి కనపడదని తెలిసి కూడా. గిన్నెలోని సేమ్యాలాంటిదాన్ని అంత చప్పుడుతో జుర్రుతారు, పెద్ద మామా చెవులు మూసుకునేది. ఒళ్ళంతా ముందే కడుక్కుని, శుభ్రమైనాక వేణ్ణీళ్ళ తొట్టిలో దిగి కూచుంటారు, అవే నీళ్ళలో ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు. రైల్లో నిలబడి నిద్రపోతారు, వాళ్ళ స్టేషను రాగానే ఎవరూ లేపకుండానే కండ్లు తెరుస్తారు, అదెట్లా సాధ్యమో రమణికి ఇప్పటికీ తెలీదు. అన్నిటికంటే ఆ గడప దగ్గరి మాట. బయటికి పోయే ప్రతివాడూ ఇంట్లోకి తిరిగి అదే మాట కేకేస్తాడు, ఇత్తెకిమాస్ అని, లోపల గిన్నెలు కడుగుతున్నామె అయినా బదులుకేక వేస్తుంది. ఒకసారి దలాల్ ఫోను చేసినప్పుడు దాని అర్థమేంది తల్లీ అని రమణి అడిగింది. పోయి వస్తాను అని, విడివిడిగా అంతే, పోయి, వస్తాను అంది దలాల్. రమణికి ఒళ్ళు జలదరించింది. ఇక్కడివాళ్ళు సుఖంగా పో అంటారు, హిందీవాళ్ళు ఏదో అంటారు, పోతున్నా అనకూడదు, పోయొస్తా అనాల అని తన నోటిమీద కొట్టి నేర్పింది అమ్మ, రాజంపేట దగ్గరి ఆ ఊళ్ళో. అంత దూరాన, మంచు పడే చోట, సముద్రం ఒడ్డున, ఇంకో అమ్మ తన పిల్లకు సరిగ్గా అదే నేర్పిందన్నమాట. ఎవరు ఎవరికి చెప్పినారో. ఆ రోజే ఆ సంగతి పెంచల్‌కు వాయిస్ మెసేజీ పెట్టింది. పెంచల్ ఆమె మొగుడు, ఊరి ఆ కొసన జహ్రాలో ఒక ఇంటి డ్రైవరు. ఏందే, ఇంక యాబానోళ్ళ భాష నేర్చుకుంటాండావా అని నవ్వినాడు గానీ, ఆ తర్వాతి శుక్రవారం కలిసి, తిరిగి పోయేటప్పుడు బస్సు మెట్టెక్కి ఇత్తెకిమాస్ అన్నాడు.

తెర మీద ఇప్పుడు గంగమ్మ ఆ ఫోటో ముందు చిన్న గిన్నెలో అన్నం పెడుతోంది, చిన్న గంట మోగించింది, రెండు చేతులూ కలిపింది. వేళ్ళకు నూనె రాస్తున్న రమణి చేతులు అక్కడే ఆగినాయి. ఇట్లాంటిదే మొదటిసారి చూసినప్పుడు, ఇదేంది మా ఇంటి మాదిరే ఉంది అని తానంటే, పెద్ద మామా మొగం చిట్లించింది, అది తప్పు, చచ్చినవాళ్ళకు దువా చెయ్యాల, అన్నమెందుకు అంది. కాసేపుండి, మీరు కూడా పెడతారా అంది.

"పెడతాం మామా. మా నాయనకు ఏడాదికొకసారి ఆకేసి పెడతాం."

"తింటాడా?"

"ఆయన యాడ తింటాడు. కాకులు తింటాయి."

"మరి ఎందుకు?"

రమణి ఆలోచించింది. ఎవరూ ఎప్పుడూ అడగలేదు ఆ మాట. "ఆయనకు ఆకలవుతుందేమోనని మనకుంటుంది కదా మామా," అంది చివరికి, తనకు వచ్చిన అరబ్బీలో అది ఎట్లా తేలిందో ఏమో. ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద మామా, మీ నాయనకు ఏమిష్టం అని అడిగింది. అలసందల వడలు అంటే, అవెట్లా చేస్తారని అడిగింది, రేపు చెయ్యమంది, చేస్తే ఒకటి కొరికి బాగుందని చెప్పకుండా రెండోది తీసుకుంది. ఎట్లాంటి మనిషి ఈమె. ఒకరోజు టీలో చక్కెర ఎక్కువైందని కప్పు గోడకేసి కొట్టింది, ఇంకోరోజు రమణికి జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పింది, రెండింటి గురించీ ఆ తర్వాత ఒక్క మాట లేదు. చిన్నక్క, పక్కింట్లో పనిచేసే తమ ఊరి ఆమె, అంటుంటుంది, మెత్తగా ఉన్నప్పుడు మన మనిషి అనుకోవద్దు, గట్టిగా ఉన్నప్పుడు పగ పెట్టుకోవద్దు, పని చేసి పో అని. చిన్నక్కకు అది చాతనవుతుంది.

ఇప్పుడు పోవాల్సింది తనే. పొద్దున బాబా చెప్పినాడు, నువ్వేం దిగులుపడొద్దు, జహ్రాలో మా అక్క ఇంట్లో మనిషి కావాలంట, అక్కడికి మారుస్తాను అని. జహ్రా అనగానే రమణికి గుండె ఒక్కసారి ఎగిరింది, అది నిజం, ఎందుకు దాచుకోవాల. పెంచల్‌కు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, ఆయన ఇల్లున్న వరసలోనే ఆ ఇల్లు. ఇంక శుక్రవారం శుక్రవారం అని కాచుకోవాల్సిన పని లేదు, సాయంత్రం చెత్తబుట్ట బయట పెట్టే వంకతోనన్నా రోజూ ఒకరి మొగం ఒకరు చూసుకోవచ్చు, ఆయన కారు కడిగే నీళ్ళ చప్పుడు తనకు వినపడుతుంది. ఫోనులో చెప్తే పెంచల్, దేవుడు మన వైపు చూసినాడు మే అన్నాడు. అదే మాట అప్పటినుంచీ లోపల తిరుగుతోంది, దేవుడు మన వైపు చూసినాడు, చూసినాడు గానీ ఈ మంచం వైపు చూడకుండా చూసినాడు. గంగమ్మ తలకు తెల్లగుడ్డ చుట్టుకుంటోంది. పట్నం పిల్ల పడవలో కూర్చుని ఆమె నడుముకు తాడు కడుతోంది, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూస్తోంది. గంగమ్మ గుండెనిండా గాలి తీసుకుని తలకిందులుగా మునిగింది, రెండు పాదాలు ఒక్క క్షణం నీళ్ళ పైన నిలబడి, లోపలికి పోయినాయి. ఇంక తెర మీద చప్పుడు లేదు. పచ్చటి నీళ్ళు, ఊగే నాచు, లోపలికి లోపలికి పోతున్న తెల్లటి తలగుడ్డ.

చేతిలో ఉన్న పెద్ద మామా చెయ్యి మారింది. ఏం మారిందో రమణికి వెంటనే తెలియలేదు, పిల్లి మంచం మీద నుంచి దిగిపోతే పరుపు తేలికైనట్టు ఏదో ఒకటి లేకుండా పోయింది. తల తిప్పి చూస్తే దుప్పటి కదలటం లేదు. ఎద లేవటం లేదు, పడటం లేదు. అయిపోయిందా, ఇట్లానా, నా చేతిలోనా, బాబాకు ఏమని చెప్పాల, అని లేవబోయింది, అప్పుడు మొగం చూసింది. పెద్ద మామా పెదవులు బిగబట్టి ఉన్నాయి, వంకరపోయిన వైపు కూడా చాతనైనంత బిగబట్టి ఉన్నాయి, కండ్లు టీవీలో ఉన్నాయి. తెర మీద గంగమ్మ రాతి సందులోంచి ఒక గుల్లను పెకలించింది, పైకి తిరిగింది, నీళ్ళను చీల్చుకుని తల బయటపెట్టి, ఆ ఆడవాళ్ళు విడిచే ఊపిరి విడిచింది, సన్నగా, పొడుగ్గా, ఈల మాదిరి. మంచం మీద నుంచి కూడా ఊపిరి బయటికొచ్చింది. రమణి రిమోటు తీసుకుని వెనక్కి తిప్పింది. పాదాలు లోపలికి పోయినాయి, దుప్పటి ఆగింది. తల బయటికొచ్చింది, దుప్పటి లేచింది. మూడోసారి తిప్పబోతే పెద్ద మామా కండ్లు టీవీని వదిలి రమణి మీదికి వచ్చినాయి, చక్కెర ఎక్కువైన టీని చూసిన కండ్లు అవి. రమణి రిమోటు కింద పెట్టేసింది. ఉంది. లోపలే ఉంది మనిషి. నాయనతో పాటు మునుగుతోందో ఏమో, ఇంటి మిద్దె మీద ఆయన పక్కన పడుకుని ఎవరు ఎక్కువసేపు ఊపిరి పట్టగలరో పందెం వేసుకునేవాళ్ళమని ఒకసారి చెప్పింది, ఆ చెవిటాయనకు ఈ పిల్ల నవ్వు వినపడేది కాదు, ఎద మీద చెయ్యి వేసి చూసేవాడంట దొంగాట ఆడుతోందేమోనని.

ఈ సంగతి చూసింది తానొక్కతే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బండి వస్తుంది, పోతుంది, రేపో ఎల్లుండో జహ్రా. ఆసుపత్రిలో నర్సులుంటారు, వాళ్ళకు తెలియదా, తెలుస్తుంది, ఎప్పటికో ఒకప్పటికి, కానీ అక్కడ ఈ నాటకం ఎవరు పెడతారు, పెట్టినా ఎద వైపు ఎవరు చూస్తారు, గోడవైపు తిప్పి పడుకోబెడితే గోడనే చూస్తా ఉంటుంది, లోపల ఇంత మనిషిని పెట్టుకుని. పెంచల్ ఏమంటాడో. ఏమీ అనడు, అదే బాధ, ఊరికే ఊ అంటాడు. కింద గేటు చప్పుడైంది, మెట్లమీద బాబా అడుగులు, అలసిపోయిన మనిషి అడుగులు. లోపలికొచ్చి సంచీ చూసినాడు, యల్లా రమణి, తొందరగా, బండి దారిలో ఉంది, అమ్మకు పైన ఏదన్నా కప్పు అన్నాడు.

రమణి లేచి నిలబడింది. "బాబా, ఈమె కథ చూస్తోంది."

ఆయన విసుక్కోలేదు. ఆ విసుగు కూడా అరిగిపోయింది పాపం, ఎన్ని రాత్రులు ఈ మంచం పక్కనే కుర్చీలో కునికినాడో రమణికి తెలుసు. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు కదా అన్నాడు మెల్లగా. ఒక్కసారి కూర్చో బాబా, టీవీని చూడొద్దు, ఈమె ఎదను చూడు అంది రమణి. ఏ కళనున్నాడో మంచం అంచున కూర్చున్నాడు. రమణి వెనక్కి తిప్పింది. గంగమ్మ పాదాలు లోపలికి పోయినాయి. బాబా తల్లి ఎద మీద అరచెయ్యి పెట్టినాడు. ఆయన కూడా ఊపిరి బిగబట్టినాడు, బహుశా తెలియకుండానే, జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఈలలాంటి ఊపిరి వచ్చినప్పుడు ఆయన తల వంగిపోయింది, తల్లి దుప్పటి అంచును మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. రమణి కిటికీ వైపు తిరిగింది. కథ ఆగలేదు, అది నడుస్తానే ఉంది, ఒడ్డున గుడిసెలో పట్నం పిల్ల మంట వేస్తోంది, గంగమ్మ వీపు మీద తడిని గుడ్డతో తుడుస్తోంది, ఏదో చెబుతోంది. బాబా మొగం తుడుచుకుని, తల్లి కోసమేమో, కింది అక్షరాలను పైకి చదవసాగినాడు. చదివి, అమ్మా, ఈ పిల్ల కాలేజీ నుంచి వచ్చింది, సముద్రంలో మునిగే ఆడవాళ్ళ గురించి రాసుకోడానికి, రేపు తిరిగి పోతుందంట, వీళ్ళకేమీ కాదు అన్నాడు.

రమణికి నవ్వాల్నో ఏడవాల్నో తెలియలేదు. కూతురూ కాదు, కోడలూ కాదు, చలికాలమంతా కొట్లాడుకున్నది ఒక కాలేజీ పిల్ల గురించా. అప్పుడు వినపడింది.

"లా."

తలుపు కిర్రుమన్నట్టుంది ఆ గొంతు. కాదు అంటోంది. బాబా లేచి నిలబడినాడు. పెద్ద మామా ఎడమచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది, పెదవులు చాలాసేపు ఏదో మాట కోసం తడుముకున్నాయి. "ర... మణి."

నిన్ను పిలుస్తోంది అన్నాడు బాబా. రమణి నీళ్ళ కప్పు తీసుకుని పరుగున వంగింది. ఆమె ఆ కప్పును పక్కకు తోసేసింది, నీళ్ళు దుప్పటి మీద ఒలికినాయి, విసుగ్గా, ఇంత మాత్రం అర్థం కాదా అన్నట్టు వేలు టీవీ వైపు చూపించింది, అక్కడ మంట ముందు కూర్చుని గంగమ్మ వీపు తుడుస్తున్న ఆ పిల్లను. మళ్ళీ అదే మాట అంది, ఈసారి కొంచెం తేటగా. పిలుపు కాదు అది, ఆ పిల్ల ఎవరో చెబుతోంది. అది ప్రేమతో అన్న మాటో, పనిమనిషి అని అన్న మాటో, ఆ రెండూ పెద్ద మామాకు ఎప్పుడన్నా వేరువేరుగా ఉన్నాయో లేదో, ఆమెనే అడగాల, అడిగే రోజు వస్తుందేమో ఇంక. బాబా వరండాలోకి పోయి ఫోనులో బండివాళ్ళతో మాట్లాడుతున్నాడు, ఇవాళ వద్దు, లేదు, ఇవాళ వద్దు, డాక్టరును ఇంటికి పంపండి అంటున్నాడు, ఆ గొంతు ఎన్నాళ్ళో తర్వాత కుర్రవాడి గొంతులాగుంది. పెంచల్‌కు తాను చెప్పుకోవాల. జహ్రా ఇప్పుడు కాదులే అని, ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాల్సి వస్తుంది, వింటాడు, ఊ అంటాడు, శుక్రవారం బస్సులో వస్తాడు. ఆ ఊ తలుచుకుంటూనే తడిసిన దుప్పటి తీసి ఆరినది కప్పింది.

బాబా తిరిగొచ్చి మంచం అంచున కాదు, తివాచీ మీద కూర్చున్నాడు, రమణికి కొంచెం ఎడంగా. తెర మీద మాటలు మొదలైనాయి, ఆయన అలవాటుగా మళ్ళీ చదవబోయినాడు, పెద్ద మామా ఎడమచెయ్యి మళ్ళీ లేచింది. ఆయన ఆగిపోయినాడు. తల్లిని చూసి, తెరను చూసి, రమణి వైపు తిరిగి, సరే, నువ్వే చెప్పు, ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది అన్నాడు. తెర మీద ఆ పిల్ల సూట్‌కేసును గుడిసె గోడకు ఆనించి, గుల్లల బుట్టను భుజానికెత్తుకుని, తడిరాళ్ళ మీద జాగ్రత్తగా కాళ్ళు పెట్టుకుంటూ ఎక్కడికో పోతోంది, బస్సు దారికో, ఇంటి దారికో ఇంకా తేలలేదు.

"ఉండు బాబా," అంది రమణి. "ఇంకా చూడాల."